కంపెనీ గొడవలో కోర్టు ఆమోదించిన రాజీ ఎవరిని కట్టేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో వాటాదారుల మధ్య పేచీ ముదిరి నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) దాకా వెళ్లాక, తీర్పు వచ్చేదాకా ఓపిక పట్టలేక రాజీకి వచ్చేవాళ్లు ఎక్కువే. రాజీ కుదిరిన రోజు అందరికీ టెన్షన్ తగ్గుతుంది. అసలు ప్రశ్నలు కొన్ని నెలలు గడిచాక మొదలవుతాయి. డబ్బు రెండో వాయిదా రాదు. సంతకం పెట్టని వదినగారు లాయర్ నోటీసు పంపిస్తారు. బ్యాంకు మాత్రం పాత గ్యారంటీ పట్టుకుని మీకే ఫోన్ చేస్తుంది. ఇలాంటి సందర్భాల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇవి. ఇక్కడ చెప్పేదంతా భారత చట్టం గురించి. తెలంగాణ కంపెనీలైతే ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్‌కు, ఆంధ్రప్రదేశ్ కంపెనీలైతే అమరావతి బెంచ్‌కు వెళ్తాయి. అప్పీళ్లు మాత్రం రెండు రాష్ట్రాలవీ చెన్నైలోని అప్పిలేట్ ట్రిబ్యునల్ బెంచ్‌కే.

పెద్దమనుషుల ముందు కాగితం రాసుకున్నాం. దానికి మళ్లీ ట్రిబ్యునల్ ఆమోదం ఎందుకు?

రాసుకున్న కాగితం ఒప్పందంగా చెల్లుతుంది, అందులో సందేహం లేదు. చిక్కల్లా అవతలివాళ్లు మాట తప్పినప్పుడు వస్తుంది. ఆ కాగితం పట్టుకుని మీరు కొత్తగా కేసు వేయాలి, ఒప్పందం నిజమేనని రుజువు చేయాలి, మళ్లీ మొదటి వాయిదా నుంచి నడవాలి. అదే షరతులను ట్రిబ్యునల్ తన ఆర్డర్‌లో భాగం చేసుకుంటే, 2013 కంపెనీల చట్టం సెక్షన్ 424(3) ప్రకారం ఆ ఆర్డర్‌ను సివిల్ కోర్టు డిక్రీని అమలు చేసినట్టే అమలు చేయించుకోవచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. మీలో మీరు ఎంత ఒప్పుకున్నా మీ అంతట మీరు చేసుకోలేని పనులు కొన్ని ఉంటాయి. బయటికి వెళ్లే తమ్ముడి షేర్లను అన్న సొంత డబ్బుతో కొంటే అది ఇద్దరి మధ్య వ్యవహారం. కంపెనీ డబ్బుతోనే కొని ఆ మేరకు మూలధనం తగ్గించాలంటే మాత్రం చట్టం ఒప్పుకోవాలి. సెక్షన్ 242(2) ట్రిబ్యునల్‌కు ఆ అధికారం ఇచ్చింది. షేర్ల కొనుగోలు, మూలధనం తగ్గింపు, మేనేజింగ్ డైరెక్టర్ తొలగింపు, పాత ఒప్పందాల రద్దు లాంటివన్నీ దాని కింద ఆర్డర్‌గా రావచ్చు.

ఇలా వచ్చిన ఆర్డర్ తీర్పుతో సమానమేనా?

అమలు విషయంలో దాదాపు సమానమే. స్వభావంలో తేడా ఉంది. ఆంధ్ర నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన పులవర్తి–వల్లూరి కేసు ఈ విషయంలో ఇప్పటికీ లాయర్ల నోట నానుతూ ఉంటుంది. రాజీ డిక్రీ అనేది కోర్టు విచారించి తేల్చిన నిర్ణయం కాదని, పార్టీలు ఒప్పుకున్నదానిమీద కోర్టు తన ముద్ర వేయడమేనని అందులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారించి తేల్చలేదు కాబట్టి అది మామూలు తీర్పులా పనిచేయదు, కానీ ఒప్పుకున్నవాళ్లు తర్వాత అడ్డం తిరగకుండా వాళ్ల నోరు కట్టేస్తుంది.

అంటే దీనికి రెండు ముఖాలు. ఒకవైపు నుంచి చూస్తే ఒప్పందం, ఇంకోవైపు నుంచి చూస్తే ఆర్డర్. ఒప్పందం కాబట్టి అందులో లేనివాళ్లను కట్టేయడం కష్టం, మోసం ఉంటే కూలుతుంది. ఆర్డర్ కాబట్టి ఇష్టం లేదని పక్కన పడేయడం కుదరదు. కింద వచ్చే జవాబుల్లో చాలావాటికి మూలం ఈ రెండు ముఖాలే.

బయట సెటిల్ చేసుకుని కేసు విత్‌డ్రా చేసుకుంటే సరిపోదా?

నా దృష్టిలో జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "పార్టీలు కోర్టు బయట రాజీపడ్డాయి, పిటిషన్ ఉపసంహరించుకుంటున్నాం" అని రెండు వాక్యాల మెమో వేస్తారు. ట్రిబ్యునల్ సరేనని కేసు మూసేస్తుంది. ఆ ఆర్డర్‌లో మీ షరతులు ఒక్కటీ ఉండవు. ఎవరి షేర్లు ఎవరికి వెళ్లాలి, ఎంత డబ్బు, ఎప్పటిలోగా అన్నదేదీ లేనప్పుడు అమలు చేయించుకోవడానికి ఏమీ మిగలదు. అవతలివాళ్లు ఎగ్గొడితే మీ చేతిలో ఉండేది పెద్దమనుషుల ముందు రాసుకున్న ఆ పాత కాగితమే.

అందుకే షరతులన్నీ రాసి, పార్టీలు సంతకాలు చేసిన కాంప్రమైజ్ మెమో దాఖలు చేసి, "ఈ షరతులు ఈ ఆర్డర్‌లో భాగం" అని ట్రిబ్యునల్ చేత రాయించుకోవాలి. ఆ ఒక్క వాక్యం కోసం మీ లాయర్‌ను విసిగించినా తప్పులేదు. పైగా అణచివేత, దుర్వినియోగం ఆరోపణలతో సెక్షన్ 241 కింద వేసిన పిటిషన్‌ను ట్రిబ్యునల్ అనుమతి లేకుండా వెనక్కి తీసుకునే వీలు లేదు. 2016 ఎన్‌సీఎల్‌టీ రూల్స్‌లో 82వ రూల్ ఆ మాట చెబుతుంది. ఎలాగూ అనుమతి అడగాలి కదా, షరతులు చూపించే అడగడం మేలు.

మెమో గోప్యంగా ఉండాలి, రేటు బయటికి తెలియకూడదు అని కొందరు పట్టుబడతారు. అర్థం చేసుకోదగ్గదే. అలాంటప్పుడు కూడా ఒప్పందాన్ని సీల్డ్ కవర్‌లో ట్రిబ్యునల్ ముందు పెట్టి, దానికి కట్టుబడి ఉంటామని ఆర్డర్‌లో రాయించమని కోరవచ్చు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం బెంచ్ ఇష్టం.

సంతకం పెట్టాక తక్కువకు ఒప్పుకున్నానని అనిపిస్తోంది. అప్పీలు చేయవచ్చా?

కుదరదు. పార్టీల సమ్మతితో ఇచ్చిన ఆర్డర్ మీద అప్పీలు ఉండదని సెక్షన్ 421(2) సూటిగా చెబుతుంది. మామూలు ఆర్డర్లకు ఉండే 45 రోజుల అప్పీలు గడువు, ఆ మీద కారణం చూపితే దొరికే మరో 45 రోజులు, ఇవేవీ ఇక్కడ పనికిరావు. సివిల్ కోర్టు రాజీ డిక్రీలకు కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 96(3)లో ఇలాంటి నిషేధమే ఉంది.

వాల్యుయేషన్ తప్పిందని, తర్వాత కంపెనీ భూమి ధర పెరిగిందని, ఆ రోజు డబ్బు అవసరమై తొందరపడ్డానని చెప్పే వాదనలు నిలబడవు. లెక్కలో టైపింగ్ పొరపాటు లాంటిది కాగితం మీదే కనిపిస్తుంటే మాత్రం రెండేళ్లలోపు సరిదిద్దమని సెక్షన్ 420(2) కింద అడగవచ్చు. అది తప్పు దిద్దే దారి. బేరం మళ్లీ మొదలుపెట్టే దారిగా వాడుకోబోతే బెంచ్ ఊరుకోదు.

మోసం చేసి సంతకం పెట్టించారు. అప్పుడు కూడా దారి లేదా?

ఉంది. అయితే కొత్తగా సివిల్ దావా వేయడం ఆ దారి కాదు. రాజీ చట్టబద్ధంగా లేదనే కారణంతో డిక్రీని కొట్టేయమని వేరే దావా వేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డర్ 3ఏ రూల్ చెబుతుంది. ఆ రాజీని నమోదు చేసిన కోర్టు దగ్గరికే వెళ్లి, ఫలానా కారణాల వల్ల అది చెల్లదని చెప్పుకోవాలి. 2006లో పుష్పాదేవి భగత్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరిచి చెప్పింది. ట్రిబ్యునల్ సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు అక్షరాలా కట్టుబడి ఉండక్కర్లేదు, సహజ న్యాయసూత్రాలు పాటిస్తే చాలు. అయినా ఇక్కడ కూడా ఆ ఆర్డర్ ఇచ్చిన బెంచ్ ముందుకే వెళ్లడం సరైన పద్ధతి. ట్రిబ్యునల్ తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టుకు జోక్యం లేదని సెక్షన్ 430 ఎలాగూ అడ్డం నిలుస్తుంది.

ఏం చూపించాలి? కాంట్రాక్ట్ చట్టం కింద ఏ ఒప్పందాన్నయినా కూల్చే కారణాలే: మోసం, తప్పుడు సమాచారం, బలవంతం, అనుచిత ఒత్తిడి. "బ్యాలెన్స్ షీట్‌లో ఒక గోడౌన్ దాచిపెట్టారు" అన్నది వినదగ్గ మాట, దానికి పత్రాలు ఉంటే. "మా బావ గట్టిగా మాట్లాడాడు" అన్నది కాదు. లాయర్లు పక్కన ఉండగా, ట్రిబ్యునల్ అడిగితే ఔనని తలూపిన మనిషి, తర్వాత బలవంతం అంటే నమ్మించడం చాలా కష్టం.

కంపెనీ తరఫున ఎవరు సంతకం పెట్టాలి?

బోర్డు తీర్మానం ద్వారా అధికారం పొందిన వ్యక్తి. గొడవే బోర్డులో ఉన్నప్పుడు ఆ తీర్మానం ఎవరు చేశారు, మీటింగ్ నోటీసు అందరికీ వెళ్లిందా అన్నది తర్వాత పెద్ద పేచీ అవుతుంది. ఇద్దరు అన్నదమ్ములూ డైరెక్టర్లయితే ఇద్దరూ హాజరైన మీటింగ్‌లో తీర్మానం చేయించి, దాని కాపీని మెమోకు జత చేయాలి. లాయర్ కూడా క్లయింట్ తరఫున రాజీ మీద సంతకం చేయవచ్చని 1991లో సుప్రీంకోర్టు అంది. అయినా పార్టీ సంతకం లేకుండా లాయర్ సంతకంతో సరిపెట్టడం నాకు నచ్చని పద్ధతి.

సంతకం పెట్టని వాటాదారులను ఈ రాజీ కట్టేస్తుందా?

ఏ దారిలో వచ్చారన్నదాన్ని బట్టి జవాబు తిరగబడిపోతుంది.

మొదటి దారి సెక్షన్ 241, 242. అక్కడ రాజీ పిటిషన్‌లో ఉన్న పార్టీల మధ్య జరుగుతుంది. కంపెనీ కూడా పార్టీయే కాబట్టి ఆర్డర్ కంపెనీని కట్టేస్తుంది, కంపెనీ నడిచే తీరు మారితే ఆ ప్రభావం అందరి మీదా పడుతుంది. అంతవరకే. కేసులో లేని మేనత్త పేరున ఉన్న షేర్లను ఆమెను అడగకుండా ఇంకొకరికి రాసివ్వడం, ఆమె వాటా ఇంతేనని తేల్చేయడం చెల్లవు. అలా చేస్తే సమ్మతి ఇచ్చింది ఆమె కాదు కాబట్టి ట్రిబ్యునల్ ముందుకు వచ్చి అడ్డు చెప్పే హక్కు ఆమెకు ఉంటుంది. హక్కు తగిలే ప్రతివాళ్లనూ కేసులో చేర్చి సంతకం తీసుకోవడం ఒక్కటే దీనికి మందు.

రెండో దారి సెక్షన్ 230. కంపెనీకీ దాని అప్పులవాళ్లకూ (అప్పిచ్చినవాళ్లకూ) మధ్య, లేదా కంపెనీకీ సభ్యులకూ మధ్య పెద్ద ఎత్తున రాజీ లేదా ఏర్పాటు చేసుకునే దారి ఇది. ఆ ఏర్పాటునే స్కీమ్ అంటారు. ట్రిబ్యునల్ ఆదేశం మీద మీటింగ్ పెడతారు. హాజరై ఓటు వేసినవాళ్లలో సంఖ్యలో సగానికి పైగా, విలువలో నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలి. ఆ తర్వాత ట్రిబ్యునల్ ఆమోదిస్తే సెక్షన్ 230(6) ప్రకారం అది ఆ వర్గంలోని అందరినీ కట్టేస్తుంది. వ్యతిరేకంగా ఓటేసినవాళ్లను కూడా. అసలు మీటింగ్‌కు రానివాళ్లను కూడా. ఇక్కడ బలం ఒప్పందం నుంచి రాదు, చట్టం నుంచి వస్తుంది. అందుకే సంతకం లేకపోయినా తప్పించుకోలేరు.

ఇంకో మెలిక ఉంది. స్కీమ్‌కు అభ్యంతరం చెప్పాలన్నా చిన్న వాటాదారుకు అవకాశం తక్కువ. వాటాదారులైతే కనీసం 10 శాతం షేర్లు, అప్పులవాళ్లయితే ఇంకా రావాల్సిన మొత్తం అప్పులో కనీసం 5 శాతం ఉండాలి. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, కొంతవరకు అన్యాయమే. ఒక్క షేరు పట్టుకుని కంపెనీని ఏళ్ల తరబడి కోర్టులో నిలబెట్టేవాళ్లను ఆపడానికి పెట్టిన నిబంధన, నిజంగా నష్టపోయిన చిన్నవాళ్ల నోరు కూడా నొక్కుతోంది. ఆదాయపు పన్ను శాఖ, రిజిస్ట్రార్, అవసరమైన చోట సెబీ, రిజర్వ్ బ్యాంకు లాంటివాటికి నోటీసు వెళ్తుంది. అవి 30 రోజుల్లో అభిప్రాయం చెప్పవచ్చు.

కుటుంబంలో రాసుకున్న ఒప్పందం, కోర్టు ఆమోదించిన స్కీమ్ రెండూ ఉంటే ఏది నిలుస్తుంది?

దీనికి మన గోదావరి తీరంతో ముడిపడిన పెద్ద ఉదాహరణే ఉంది. కాస్త వివరంగా చెప్పుకుందాం.

ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా రాయకుండా చనిపోయారు. కొడుకులు ముకేశ్, అనిల్ మధ్య గొడవ వచ్చింది. 2005 జూన్‌లో తల్లి కోకిలాబెన్ సమక్షంలో ఇద్దరూ పంపకం ఒప్పందం రాసుకున్నారు. దాని ప్రకారం కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ బేసిన్ గ్యాస్‌లో రోజుకు 2.8 కోట్ల ఘనపు మీటర్లు, యూనిట్ 2.34 డాలర్ల చొప్పున 17 ఏళ్లపాటు తమకు రావాలన్నది అనిల్ పక్షం మాట. ఆ తర్వాత వ్యాపారాలను విడదీసే స్కీమ్‌ను 2005 డిసెంబర్‌లో బాంబే హైకోర్టు ఆమోదించింది. ఆ స్కీమ్‌లో గ్యాస్ సరఫరాకు "తగిన ఏర్పాట్లు" చేయాలని మాత్రమే ఉంది, రేటు లేదు.

2007లో కేంద్ర మంత్రుల బృందం గ్యాస్ ధర 4.20 డాలర్లుగా ఖరారు చేసింది. పాత రేటుకు ఇవ్వలేమని ముకేశ్ కంపెనీ, ఇవ్వాల్సిందేనని అనిల్ కంపెనీ. 2009 జూన్‌లో బాంబే హైకోర్టు డివిజన్ బెంచ్ అనిల్ పక్షం నిలిచింది. 2010 మే 7న సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, జస్టిస్ పి. సదాశివం, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఆ బెంచ్‌లో ఉన్నారు. ప్రధాన తీర్పు సదాశివం రాశారు. మన సుదర్శన్ రెడ్డి విడిగా తన తీర్పు రాశారు.

ఆ తీర్పులో మనకు కావాల్సిన ముక్క ఇది. ఇద్దరు అన్నదమ్ములూ తల్లీ రాసుకున్న కాగితం కంపెనీని కట్టేయదు, ఎందుకంటే లక్షల మంది వాటాదారులున్న కంపెనీ ఆ కాగితంలో పార్టీ కాదు, ఆ షరతులు వాటాదారుల ముందు పెట్టనూ లేదు. స్కీమ్ మాత్రం కట్టేస్తుంది. స్కీమ్ సాఫీగా నడిచేలా చూసే అధికారం దాన్ని ఆమోదించిన కోర్టుకు ఉంది, కానీ ఆ పేరుతో స్కీమ్‌లో లేని రేటును అందులోకి చొప్పించలేదు. పైగా గ్యాస్ సహజ వనరు కాబట్టి ప్రభుత్వ విధానాన్ని దాటి ఇద్దరూ ఏమీ కుదుర్చుకోలేరు. మళ్లీ కూర్చుని మాట్లాడుకోమని కోర్టు చెప్పింది. ఆ బేరంలో కుటుంబ ఒప్పందాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చు కానీ దానికి కట్టుబడనక్కర్లేదు.

గుంటూరులో జిన్నింగ్ మిల్లు ఉన్న కుటుంబానికీ ఇదే సూత్రం. ఇంట్లో తల్లి ముందు రాసుకున్న ముఖ్యమైన షరతు ట్రిబ్యునల్ ముందు పెట్టిన కాగితంలోకి ఎక్కకపోతే, కంపెనీ మీద దాన్ని బలవంతంగా రుద్దడం కుదరదు.

ఆమోదించిన రాజీని తర్వాత ట్రిబ్యునల్ మార్చగలదా?

సెక్షన్ 230 స్కీమ్ అయితే కొంతవరకు. అది నడవడానికి అవసరమైన మార్పులు చేసే అధికారం సెక్షన్ 231 ఇస్తుంది. సమ్మతి ఆర్డర్ అయితే ఇద్దరూ ఒప్పుకోకుండా షరతులు మార్చరు. ఇక ఆమోదించే ముందు "రేటు ఇంకాస్త ఎక్కువ ఉండాల్సింది" అని ట్రిబ్యునల్ లెక్కలు వేస్తుందనుకోవద్దు. వ్యాపార లాభనష్టాల మీద కోర్టు అప్పీలు కోర్టులా కూర్చోదని 1996లో మిహీర్ మఫత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఓట్లు సక్రమంగా పడ్డాయా, నిజాలు దాచకుండా చెప్పారా, చట్టానికీ ప్రజాహితానికీ విరుద్ధంగా ఏమైనా ఉందా అన్నవే అది చూస్తుంది.

అవతలివాళ్లు డబ్బు కట్టలేదు. కోర్టు ధిక్కారం కేసు వేయవచ్చా?

ట్రిబ్యునల్‌కు సెక్షన్ 425 కింద హైకోర్టుకు ఉన్నట్టే ధిక్కార అధికారం ఉంది. కానీ రాజీ ఆర్డర్ ఉల్లంఘన ప్రతిదీ ధిక్కారమా అన్నదానిమీద సుప్రీంకోర్టు తీర్పుల్లోనే రెండు ధోరణులు కనిపిస్తాయి. 1979లో బాబూరామ్ గుప్తా కేసులో, కోర్టుకు స్పష్టంగా హామీ ఇవ్వకుండా కేవలం సమ్మతి ఆర్డర్‌ను ఉల్లంఘిస్తే అది ధిక్కారం కాదని, అమలు పిటిషన్ వేసుకోవాలని అంది. 2006లో నారంగ్ కుటుంబం హోటళ్ల కంపెనీ గొడవలో మాత్రం, సమ్మతితో వచ్చినా ఆర్డర్ ఆర్డరే, కావాలని ధిక్కరిస్తే చర్య తీసుకోవచ్చని అంది.

ఈ చర్చలోకి దిగకుండా ఉండాలంటే మెమోలోనే "మేము ఈ షరతులు పాటిస్తామని ట్రిబ్యునల్‌కు హామీ ఇస్తున్నాం" అని రాయించి, ఆ హామీని నమోదు చేసుకున్నట్టు ఆర్డర్‌లో వచ్చేలా చూసుకోవాలి. డబ్బు ఆలస్యమైతే ఎంత వడ్డీ, ఎన్ని రోజులు దాటితే రాజీ రద్దయి పాత కేసు మళ్లీ తెరుచుకుంటుంది అన్నవి కూడా అందులోనే ఉండాలి. షేర్ల బదిలీ ఫారాలు ముందే సంతకం చేసి మధ్యవర్తి దగ్గర ఉంచడం, చివరి వాయిదా అందాకే చేతులు మారడం మంచి అలవాటు. లేకపోతే షేర్లు పోయి, డబ్బు రాక, అమలు పిటిషన్‌తో తిరగాల్సి వస్తుంది.

కంపెనీ నుంచి బయటికి వచ్చేశాను. బ్యాంకుకు ఇచ్చిన నా వ్యక్తిగత గ్యారంటీ పోయినట్టేనా?

పోదు. బ్యాంకు మీ రాజీలో పార్టీ కాదు. "ఇకపై అప్పుల బాధ్యత అన్నదే" అని రాసుకున్నా అది మీకూ మీ అన్నకూ మధ్య మాట. బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది, మీరు కట్టి తర్వాత అన్న దగ్గర వసూలు చేసుకోవాలి. రాజీ సంతకాలకు ముందే బ్యాంకు నుంచి గ్యారంటీ విడుదల లేఖ తెచ్చుకోవడం, కనీసం అది వచ్చేదాకా కొంత సొమ్ము విడిగా నిలిపి ఉంచడం చేయాలి. నా లెక్కన వాటా ధర మీద నెల రోజులు బేరమాడి, ఈ విషయం మీద ఐదు నిమిషాలు కూడా ఆలోచించకపోవడం కన్నా ఖరీదైన పొరపాటు లేదు.

రాజీ కుదిరితే పోలీసు కేసు, టాక్స్ నోటీసు కూడా పోతాయా?

వాటంతట అవి పోవు. డబ్బు లావాదేవీల స్వభావం ఎక్కువగా ఉన్న క్రిమినల్ కేసును రాజీ ఆధారంగా కొట్టేసే అధికారం హైకోర్టుకు ఉందని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి హైకోర్టులో విడిగా పిటిషన్ వేయాలి. చెక్ బౌన్స్ కేసు రాజీకి తేలిక. ఆదాయపు పన్ను, జీఎస్టీ, సెబీ మీ రాజీకి కట్టుబడి ఉండవు. షేర్లు అమ్మి వచ్చిన లాభం మీద పన్ను ట్రిబ్యునల్ ఆర్డర్ ఉన్నా కట్టాల్సిందే.

రాజీలో కంపెనీ భూమి ఒకటి తమ్ముడికి ఇస్తున్నాం. రిజిస్ట్రేషన్ కావాలా?

ఆ భూమి కేసులో వివాదాంశం కాకపోతే కావాలి. వివాదంలో ఉన్న స్థిరాస్తికి సంబంధించిన రాజీ డిక్రీకే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17(2)(6) మినహాయింపు ఇస్తుంది. షేర్ల గొడవలో మధ్యలో వచ్చి చేరిన మేడ్చల్ ప్లాటు దాని కిందికి రాదు. స్కీమ్‌ల విషయంలో కూడా, ఆస్తిని బదిలీ చేసే ఆమోదపు ఆర్డర్ స్టాంపు డ్యూటీ వేయదగ్గ పత్రమేనని 2003లో హిందుస్థాన్ లీవర్ కేసులో తేలింది.

ఒక వాటాదారు మైనర్. తండ్రి సంతకం చాలదా?

చాలదు. మైనర్ తరఫున రాజీకి కోర్టు అనుమతి విడిగా అడిగి, ఆ అనుమతిని రికార్డులో రాయించుకోవాలి. లేకపోతే ఆ రాజీని కాదనే హక్కు మైనర్‌కు ఉంటుంది, మిగతావాళ్లకు ఉండదు.

మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

రెండు విషయాలు. అక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీని అక్కడ నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర) చేయించడమో, కాన్సులేట్‌లో ధ్రువీకరించడమో చేసి పంపాలి. అది భారత్‌కు అందిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. రెండోది విదేశీ మారక నిబంధనలు. డబ్బు విదేశానికి తీసుకెళ్లే ప్రాతిపదికన ఉన్న షేర్లను ఇక్కడివాళ్లు ఎన్‌ఆర్‌ఐ దగ్గర కొంటే, వాల్యుయర్ ధ్రువీకరించిన సరసమైన విలువకు మించి ధర ఇవ్వరాదు. 60 రోజుల్లో ఎఫ్‌సీ–టీఆర్‌ఎస్ ఫారం వేయాలి. ట్రిబ్యునల్ ఆమోదించింది కదా అని ఈ నిబంధన పక్కకు జరగదు. అన్నదమ్ముల ప్రేమకొద్దీ ఎక్కువ ధర రాసుకున్నా బ్యాంకు ఆపేస్తుంది.

వేలమంది ఇన్వెస్టర్లు ఉన్న కేసులో రాజీ ఎలా పనిచేస్తుంది?

హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కథ చూడండి. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడ్డాక, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఆ కంపెనీ డిపాజిటరీ షేర్లు కొన్నవాళ్లు అక్కడి ఫెడరల్ కోర్టులో క్లాస్ యాక్షన్ (ఒకే రకంగా నష్టపోయినవాళ్లందరి తరఫున వేసే కేసు) వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు, ఆడిటర్ సంస్థలు 2.55 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి, కోర్టు ఆమోదించింది. అమెరికా పద్ధతిలో, గడువులోగా బయటికి వెళ్తున్నానని చెప్పనివాళ్లందరినీ ఆ రాజీ కట్టేస్తుంది, కోర్టు మొహం చూడకపోయినా సరే. ఆబర్డీన్ అనే ఇన్వెస్ట్‌మెంట్ సంస్థ ఫండ్లు లండన్‌లో విడిగా కేసు నడిపి, 2012లో విడిగా రాజీ చేసుకున్నాయి.

ఇక్కడి ఎక్స్ఛేంజీల్లో కొన్న మన మధ్యతరగతి వాటాదారులు ఆ క్లాస్‌లో లేరు. అప్పటి మన కంపెనీల చట్టంలో అలాంటి దారి లేదు. తర్వాత వచ్చిన సెక్షన్ 245 ఆ లోటు తీర్చడానికే. 2016 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద వచ్చే ఆర్డర్ కంపెనీని, సభ్యులందరినీ, డిపాజిటర్లను, ఆడిటర్లను కట్టేస్తుంది. సత్యం వల్ల పుట్టిన సెక్షన్ సత్యం వాటాదారులకు మాత్రం పనికిరాలేదు.

కంపెనీ దివాలా కేసులో ఉంది. అక్కడ రాజీ ఎలా?

కేసు ఇంకా అడ్మిట్ కాకపోతే (ట్రిబ్యునల్ విచారణకు తీసుకోకపోతే) అప్పిచ్చినవాళ్లతో మాట్లాడుకుని ఉపసంహరించుకోవచ్చు. అడ్మిట్ అయి రుణదాతల కమిటీ ఏర్పడ్డాక ఉపసంహరణకు కమిటీలో 90 శాతం ఓట్లు కావాలి, దివాలా కోడ్ సెక్షన్ 12ఏ ప్రకారం. రెజల్యూషన్ ప్లాన్‌కు (కంపెనీని దివాలా నుంచి గట్టెక్కించే ప్రణాళికకు) 66 శాతం చాలు. ట్రిబ్యునల్ ఆమోదించిన ప్లాన్ సెక్షన్ 31 కింద ఉద్యోగులు, రుణదాతలు, గ్యారంటర్లు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు అందరినీ కట్టేస్తుంది. ప్లాన్‌లో లేని పాత బాకీలు రద్దయిపోతాయని 2021లో ఘనశ్యామ్ మిశ్రా కేసు చెప్పింది. అదే ఏడాది లలిత్ కుమార్ జైన్ కేసు ఇంకో మాట చెప్పింది: కంపెనీ బయటపడినంత మాత్రాన ప్రమోటర్ వ్యక్తిగత గ్యారంటీ తీరిపోదు. మళ్లీ ఆ గ్యారంటీయే.

ఆర్డర్ వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి?

సర్టిఫైడ్ కాపీ తీసుకుని 30 రోజుల్లో ఐఎన్‌సీ–28 ఫారంతో రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర దాఖలు చేయాలి. కాపీ చేతికి రావడమే ఒక్కోసారి ఆలస్యమవుతుంది కాబట్టి ఆర్డర్ చెప్పిన రోజే దరఖాస్తు పెట్టండి. షేర్ల బదిలీ బోర్డులో ఆమోదించి సభ్యుల రిజిస్టర్‌లో ఎక్కించాలి, డైరెక్టర్ల మార్పులకు విడి ఫారాలు, బ్యాంకులో సంతకందార్ల మార్పు. ఆర్డర్ వల్ల ఆర్టికల్స్ (కంపెనీ నియమావళి) మారితే, దానికి విరుద్ధంగా మళ్లీ మార్చాలంటే ట్రిబ్యునల్ అనుమతి కావాలని సెక్షన్ 242(5) చెబుతుంది. జనరల్ మీటింగ్‌లో నూటికి నూరు ఓట్లు పడినా ఆ అనుమతి లేకుండా కుదరదు. ఆర్టికల్స్ మార్పుకు విరుద్ధంగా నడిస్తే కంపెనీకి లక్ష నుంచి 25 లక్షల రూపాయల దాకా, బాధ్యులైన అధికారులకు 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా ఉంది. ఆ మార్చిన ఆర్టికల్స్ కాపీని కంపెనీ సెక్రటరీకి, ఆడిటర్‌కు కూడా పంపించి ఉంచండి. మరుసటి ఏడాది రిటర్నులు వేసేది వాళ్లే.